వెతికేవారి మాట, రికార్డు మాట: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత చరిత్రలో కీలక పదాలు

1.1 పరిచయం

స్థానిక చరిత్ర రాసే విద్యార్థి ఈ రోజుల్లో రెండుసార్లు వెతుకులాటను ఎదుర్కొంటాడు. మొదట తనకు కావలసిన ఆధారాల కోసం తాను వెతుకుతాడు. తరువాత, తాను రాసి ఇంటర్నెట్‌లో పెట్టినదాన్ని ఇతరులు వెతుక్కుంటూ రావాలని కోరుకుంటాడు. ఈ రెండు సందర్భాల్లోనూ దారి చూపేది ఒక మాటే. ఆ మాటను కంప్యూటర్ రంగంలో కీవర్డ్ అంటున్నారు. ఈ పాఠంలో దాన్ని కీలక పదం అని వ్యవహరిద్దాం. జనం ఏ మాటతో వెతుకుతున్నారు, ఎంతమంది వెతుకుతున్నారు, ఏం దొరుకుతుందని ఆశిస్తున్నారు అని తెలుసుకొని, ఆ మాటలకు జవాబుగా రాయడాన్ని కీలక పదాల పరిశోధన అంటారు. వ్యాపార ప్రకటనల రంగంలో పెరిగిన విద్య కాబట్టి చరిత్ర విభాగాలు దీన్ని కొంత చిన్నచూపు చూశాయి. ఆ చిన్నచూపుకు కారణం లేదని నా అభిప్రాయం. ఈ విద్యలోని అసలు సమస్య చరిత్రకారులకు చాలా పాతది.

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలను ఉదాహరణగా తీసుకుందాం. ఈ రెండు ఊళ్లు పాలకులను, జిల్లాలను, రాష్ట్రాలను, రాతలో తమ పేర్ల రూపాలను కూడా మార్చుకుంటూ వచ్చాయి. అందువల్ల ఇక్కడి చరిత్ర కోసం వెతికేవారి నోట్లో ఉన్న మాట ఒకటి, రికార్డులో ఉన్న మాట మరొకటి. ఈ రెంటి మధ్య ఎడం ఎలా ఏర్పడింది, దాన్ని రాసేవారు ఎలా పూడ్చవచ్చు అన్నదే ఈ పాఠంలో మన విషయం.

1.2 కంప్యూటర్‌కు ముందు

పెద్ద గ్రంథంలో కావలసిన చోటును ఒక పదం ఆధారంగా పట్టుకోవడం మన దేశంలో ప్రాచీన కాలం నుంచీ ఉంది. కాత్యాయనుని పేరుతో ఉన్న ‘సర్వానుక్రమణి’ ఋగ్వేద సూక్తాలను వాటి తొలి పదాలతో గుర్తించి, ప్రతి సూక్తానికీ ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెబుతుంది. సూక్తం మొదటి మాటను ‘ప్రతీక’ అనేవారు. ఆ ప్రతీక తెలిసినవాడికే అనుక్రమణిక పనికివస్తుంది. మన శతకాల, కావ్యాల ప్రతుల చివర అచ్చువేసే పద్యాల అకారాది సూచిక కూడా ఇదే పద్ధతి. పద్యం మొదటి మాట గుర్తున్నవాడికి నిమిషంలో దొరుకుతుంది. నడిమి పాదం మాత్రమే గుర్తున్నవాడు పుస్తకమంతా తిరగేయాలి.

ఆ రెండోవాడి ఇబ్బందిని తీర్చే ప్రయత్నాలు వేరువేరు దేశాల్లో జరిగాయి. 13వ శతాబ్దంలో పారిస్‌లోని డొమినికన్ సన్యాసులు బైబిల్‌లోని పదాలు ఎక్కడెక్కడ వస్తాయో చూపే పదసూచికను తయారుచేశారు. 1950ల చివర ఐ.బి.ఎం. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్, వ్యాసాల శీర్షికల్లోని ప్రతి ముఖ్యపదాన్నీ వరుసగా ముందుకు తెచ్చి, దాని ఇరుపక్కల మాటలతో సహా యంత్రంతో అచ్చువేయించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఈ రెండు కాలాల మధ్య మనకు దగ్గరి మనిషి ఒకరున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి 1924లో అధిపతి అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. ప్రతి పాఠకునికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు, పాఠకుని కాలం వృథా కాకూడదు అన్నవి వాటిలో ఉన్నాయి. అప్పట్లో ఆదోని మద్రాసు రాష్ట్రంలోదే. రంగనాథన్ రూపొందించిన గొలుసు సూచిక పద్ధతిలో, ఒక పుస్తకం విషయాన్ని విశాలమైన మాట నుంచి సూక్ష్మమైన మాట వరకు లంకెలుగా విడదీసి, ప్రతి లంకెనూ సూచికలో చేరుస్తారు. పాఠకుడు ఏ లంకె పట్టుకొని వచ్చినా పుస్తకం చేరాలన్నది ఉద్దేశం. నేటి వెబ్ నిపుణులు చెప్పే చాలా సంగతులు ఇందులోనే ఉన్నాయి.

నిఘంటువుల చరిత్రలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అమరకోశం వంటి పద్య నిఘంటువులు విషయవారీ వర్గాలుగా ఉంటాయి, కంఠస్థం చేసినవారికి ఉద్దేశించినవి. అకారాదిగా సాగిన బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’ (1885) కావ్యభాషకు పెద్దపీట వేసింది. అంతకు ముందే 1852లో వెలువడిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మాత్రం వ్యవహారంలోని మాటలను కూడా చేర్చుకుంది. కచేరీలోకి వచ్చే రైతు అర్జీలో ఉండే మాట అర్థం కావలసిన అవసరం పాలకుల కొలువులో పనిచేసిన బ్రౌన్‌కు ఉంది. పండితుని మాటకూ అర్జీదారు మాటకూ ఉన్న ఈ తేడా మళ్లీ మనకు ఎదురవుతుంది.

1.3 ఒక కోట, అనేక పేర్లు

ఆదోనికి పాత తెలుగు, కన్నడ రాతల్లో ‘ఆదవాని’ అనే రూపం ఉంది. విజయనగర రాజ్యంలో ఇది ముఖ్యమైన దుర్గం. 1565 నాటి తళ్లికోట యుద్ధం తరువాత మూడేళ్లకు, అంటే 1568లో, బిజాపూరు ఆదిల్‌షాహీల వశమైంది. వారి తరఫున ఇక్కడ అధికారం చేసినవారిలో సిద్దీ మసూద్ ఖాన్ ప్రసిద్ధుడు. ఆదోనిలోని జామియా మసీదు అతని కాలపు కట్టడమే. మంత్రాలయం రాఘవేంద్రస్వామి కథల్లో వచ్చే ఆదోని నవాబు కూడా ఇతడేనని సంప్రదాయం. ఆ కథల్లో మంత్రాలయం అప్పటి పేరు ‘మంచాలె’ అని వస్తుంది. మఠచరిత్ర కోసం వెతికే పాఠకుడికి ఈ మాట తెలియకపోతే సగం ఆధారాలు మరుగునే ఉంటాయి.

1688లో ఔరంగజేబు సేనలు ఆదోనిని పట్టుకున్నాయి. మొగలులు దానికి ‘ఇంతియాజ్‌గఢ్’ అని కొత్త పేరు పెట్టారు. ఆ పేరు కాగితాల మీదనే ఉండిపోలేదు. ఇంతియాజ్‌గఢ్ టంకశాల పేరుతో నాణేలు వచ్చాయి. నాణేల కేటలాగుల్లో, పురాతన నాణేల వేలాల జాబితాల్లో ఈనాటికీ ఆ పేరుతోనే కనిపిస్తాయి. ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆదోనిలో పుట్టి పెరిగిన విద్యార్థి తన ఊరి నాణెం చూడాలనుకుంటే ఏమని వెతుకుతాడు? ‘ఆదోని నాణేలు’ అంటాడు. నాణేలు సేకరించే వ్యక్తి మరోచోట కూర్చుని ‘ఇంతియాజ్‌గఢ్’ అని వెతుకుతూ ఆ కోట ఎక్కడుందో తెలియక ఉంటాడు. వీరిద్దరూ వెతికేది ఒకటే వస్తువు. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి వివరించిన తెలుగు పేజీ ఒకటి ఉంటే తప్ప ఇద్దరూ ఒకచోట కలవరు.

ఆ తరువాత ఆదోని నిజాము ఏలుబడిలోకి వచ్చి, నిజాం అలీ సోదరుడైన బసాలత్ జంగ్‌కు జాగీరు అయింది. అతను 1782లో మరణించాడు. 1786లో టిప్పు సుల్తాను కోటను ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో నిజాము ఇతర ప్రాంతాలతోపాటు దీన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అలా అప్పగించిన ప్రాంతాలనే దత్తమండలాలు అన్నారు. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు వీటికి ప్రధాన కలెక్టరు.

చాలామంది విద్యార్థులు దారి తప్పేది ఇక్కడి నుంచే. కంపెనీ కాలం నుంచి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉంది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని ఊరు. జాన్ కెల్సాల్ 1872లో రాసినది బళ్లారి జిల్లా మాన్యువల్. డబ్ల్యు. ఫ్రాన్సిస్ 1904లో వెలువరించినది బళ్లారి గెజిటీర్. కర్నూలు జిల్లాకు గోపాలకృష్ణమ్మ చెట్టి రాసిన 1886 నాటి మాన్యువల్ వేరే ఉంది, కానీ ఆనాటి కర్నూలు జిల్లాలో ఆదోని లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోకీ, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలోకీ వచ్చాయి. బళ్లారితో సహా తక్కిన భాగం ప్రధానంగా మైసూరుకు వెళ్లింది. కాబట్టి 1953కు ముందరి జనాభా లెక్కలు, కరవు నివేదికలు, పంటల లెక్కలు, భూమి సర్వే పత్రాలలో ఆదోని ‘బళ్లారి’ అనే మాట కింద ఉంటుంది. ‘కర్నూలు జిల్లా ఆదోని 1901’ అని వెతికినవాడికి సరైన ఆధారం చేతికి రాదు. లేదని నిర్ణయించుకొని వదిలేస్తాడు. తాత పేరిట ఉన్న భూమి పాత కాగితం కోసమో, స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొన్న బంధువు ఆనవాలు కోసమో వెతికే కుటుంబాలకు కూడా ఇదే అనుభవం. రికార్డు ఉన్నా, తప్పు మాటతో వెతికినవారికి అది లేనట్టే.

రాజకీయాల పక్కన, అంతే బలంగా ఆదోనిని మార్చినది రైలు. మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గమూ బొంబాయి నుంచి వచ్చినదీ 1871లో రాయచూరు వద్ద కలిశాయి. ఆదోని ఆ దారిలో ఉంది. నల్లరేగడి నేలల పత్తికి రెండు రేవుల దారి దొరికింది. పత్తి వ్యాపారం, జిన్నింగు మిల్లులు పెరిగాయి. ‘రెండో ముంబయి’ అనే ముద్దుపేరు ఆదోనికి ఈ వ్యాపారం వల్లనే వచ్చింది. ఈ ముద్దుపేరును 1.6లో మళ్లీ చూద్దాం.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1930 నాటి ఎమ్మిగనూరు గురించి ప్రభుత్వ ప్రచురణల్లో వెతకాలంటే ఏ జిల్లా, ఏ తాలూకా పేర్లు వాడాలి? కారణం రెండు వాక్యాల్లో రాయండి.

1.4 యంత్రం పదాన్ని ఎలా చదువుతుంది

సెర్చ్ ఇంజిన్ లోపల ఉండేది మూలంలో పుస్తకం చివరి సూచికే. ప్రతి పదం ఎదుట ఆ పదం ఏ ఏ పేజీల్లో ఉందో రాసుకొని ఉంటుంది. వెతికినప్పుడు పేజీలన్నీ చదవదు, ఆ సూచికను చూస్తుంది. దొరికిన వేల పేజీల్లో ఏది ముందుంచాలన్నది తరువాతి ప్రశ్న. దీనికి 1972లో కేంబ్రిడ్జి పరిశోధకురాలు కరెన్ స్పార్క్ జోన్స్ ముఖ్యమైన సమాధానం చెప్పారు. అన్ని పత్రాల్లోనూ కనిపించే మాటకు విలువ తక్కువ, కొద్ది పత్రాల్లోనే కనిపించే మాటకు విలువ ఎక్కువ అన్నది ఆమె సూత్రం. ‘చరిత్ర’ అనే మాట లక్షల పేజీల్లో ఉంటుంది. ‘బసాలత్ జంగ్’ అతి కొద్ది పేజీల్లో ఉంటుంది. స్థానిక చరిత్ర రాసేవారికి ఈ సూత్రం పెద్ద ఊరట. మన దగ్గర ఉన్నవన్నీ అరుదైన మాటలే.

1998లో వచ్చిన గూగుల్, ఒక పేజీకి ఎన్ని ఇతర పేజీలు లంకె వేశాయన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. అదే సంవత్సరం గోటు అనే సంస్థ కీలక పదాలను ప్రకటనదారులకు వేలం వేయడం మొదలుపెట్టింది. మాటకు ధర పలికిన రోజు నుంచి మాటల లెక్కలకు గిరాకీ వచ్చింది. దానితోపాటు మోసమూ వచ్చింది. పేజీలో కంటికి కనిపించని చోట కీలక పదాలను కుప్పపోసేవారు. పేజీ రాసినవారు తమ కీలక పదాలను ప్రకటించుకునే ఏర్పాటు ఒకటి ఉండేది, అది ఎంతగా పాడయిందంటే వెబ్ ర్యాంకింగులో దాన్ని అసలు పట్టించుకోవడం లేదని 2009లో గూగుల్ బహిరంగంగా చెప్పింది. ఇప్పటికీ కొందరు శిక్షకులు అక్కడ పదాలు నింపమని చెబుతున్నారు. అది వృథా శ్రమ.

తెలుగు విషయంలో అదనంగా మూడు చిక్కులున్నాయి.

మొదటిది లిపి. యూనికోడ్ తొలి ప్రమాణంలో, అంటే 1991లోనే, తెలుగు ఉంది. అయినా చాలాకాలం తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లలో నడిచాయి. తెర మీద తెలుగు కనిపించేది, లోపల మాత్రం అర్థంలేని రోమన్ గుర్తులుండేవి. ఆ రాతలు సెర్చ్‌కు అందలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటివి యూనికోడ్‌లో ఉండటం వల్ల వెతికితే దొరికే తెలుగు క్రమంగా పెరిగింది. 2018లో గూగుల్ ప్రకటనల సేవలు తెలుగు పేజీలకు కూడా అందుబాటులోకి వచ్చాయి. అప్పటి నుంచి తెలుగు కీలక పదాలకు అంగడి విలువ కూడా ఏర్పడింది.

రెండవది, మన జనం వెతికే లిపి. తెలుగులో ఆలోచించి రోమన్ అక్షరాల్లో టైపు చేసేవారు ఎక్కువ. ‘ఆదోని పత్తి రేటు టుడే’ అన్న నాలుగు మాటల్లో ఊరిపేరు, తెలుగు, ఇంగ్లీషు కలిసిపోయి, లిపి మాత్రం ఒకటే ఉంటుంది. తెలుగు లిపిలో పేజీ రాసినవారు ఈ రూపాన్ని మరచిపోతే తమ పాఠకుల్లో ఒక పెద్ద భాగాన్ని మరచిపోయినట్టే.

మూడవది భాషాస్వభావం. తెలుగులో విభక్తి పదానికి అంటుకుంటుంది. ఆదోని, ఆదోనిలో, ఆదోనికి, ఆదోనివాళ్లు అన్నవి మనకు ఒకే ఊరు. కేవలం అక్షరాలు పోల్చే యంత్రానికి నాలుగు మాటలు. ‘ఎమ్మిగనూర్‌లో’ అని రాసేటప్పుడు ‘ర్’, ‘లో’ కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. ఆ గుర్తు ఉన్న పదం, లేని పదం యంత్రం దృష్టిలో ఒకటి కావు. ‘పత్తి’, ‘ప్రత్తి’ కూడా ఇటువంటి జంటే. వ్యవసాయశాఖ పత్రాల్లో, పాత పాఠ్యపుస్తకాల్లో ‘ప్రత్తి’ ఎక్కువగా కనిపిస్తుంది, యార్డులో వినిపించేది ‘పత్తి’. వేరుశనగ అన్న పుస్తకం మాటకు మన పల్లెల్లో బుడ్డలు, శెనక్కాయలు అంటారు. వాక్యం మొత్తం అర్థాన్ని పట్టుకోవడానికి గూగుల్ 2019 నుంచి బెర్ట్ అనే నమూనాను వాడుతోంది, అందువల్ల ఇటువంటి తేడాలను యంత్రం మునుపటికన్నా బాగా సర్దుకుంటుంది. కానీ ఇంతియాజ్‌గఢ్ అంటే ఆదోని అన్న సంగతి ఎవరో ఒకరు ఎక్కడో రాయకపోతే ఏ నమూనాకూ తెలిసే అవకాశం లేదు. పేర్లను కలపడం మనిషి చేయవలసిన పని, అందులోనూ చరిత్ర తెలిసిన మనిషి చేయవలసిన పని.

1.5 ఎమ్మిగనూరు నేత మీద రాయాలంటే

ఇప్పుడు ఒక విషయాన్ని తీసుకొని పని జరిగే తీరు చూద్దాం. ఎమ్మిగనూరు చేనేత కార్మికుల సహకార సంఘం 1938లో ఏర్పడింది. దాని నిర్మాత మాచాని సోమప్పకు 1954లో పద్మశ్రీ లభించింది. పద్మ పురస్కారాలు మొదలైన సంవత్సరం అదే. నేతగాళ్లకు నూలు సమకూర్చడం, నేసిన బట్టను అమ్మిపెట్టడం ఈ తరహా సంఘాల ప్రధాన కార్యం. దుప్పట్లు, పరదా బట్టలు ఎమ్మిగనూరుకు పేరు తెచ్చాయి. ఈ సంఘ చరిత్ర మీద మీరొక వ్యాసం రాస్తున్నారనుకోండి.

మొదటి పని యంత్రం దగ్గర కాదు, మనుషుల దగ్గర. మగ్గం మీద పనిచేసిన పెద్దలను, బట్టల దుకాణదారును, బయటి ఊళ్లో ఉండే బంధువును విడివిడిగా అడగండి: ఈ సంఘం గురించి తెలుసుకోవాలంటే ఫోన్‌లో ఏమని కొడతావు? ఒకరు ‘సొసైటీ’ అంటారు, ఒకరు ‘వై.డబ్ల్యు.సి.ఎస్.’ అంటారు, ఒకరు ‘సోమప్ప’ అంటారు, మరొకరు ‘ఎమ్మిగనూరు దుప్పట్లు’ అంటారు, ఇంగ్లీషు చదువు చదివినవారు ‘హ్యాండ్లూమ్ బెడ్‌షీట్స్’ అంటారు. వీటిని బీజపదాలు అంటారు. మీ సొంత మాట ‘చేనేత సహకారోద్యమం’ ఈ జాబితాలో లేకపోవచ్చు. అందులో నొచ్చుకోవలసింది లేదు.

ఊరిపేరు రూపాలను తరువాత చేర్చండి. తెలుగులో ఎమ్మిగనూరు, యెమ్మిగనూరు, ఎమ్మిగనూర్ అనే రూపాలు కనిపిస్తాయి. రోమన్ లిపిలో ‘వై’ అక్షరంతో మొదలుపెట్టేవారు కొందరు, ‘ఇ’ అక్షరంతో మొదలుపెట్టేవారు కొందరు, చివర ‘యు’ చేర్చేవారు కొందరు. ప్రభుత్వ వ్యవహారంలో ‘వై’తో మొదలయ్యే రూపమే స్థిరపడింది.

ఆ తరువాతే యంత్రం. సెర్చ్ పెట్టెలో బీజపదం టైపు చేసి ఆగితే కింద కొన్ని సూచనలు వస్తాయి. గూగుల్‌లో 2004లో ప్రయోగంగా మొదలైన ఈ ఏర్పాటు 2008 నుంచి అందరికీ వచ్చింది. ఇతరులు వెతికిన మాటల ఆధారంగానే ఈ సూచనలు ఎక్కువగా తయారవుతాయి కాబట్టి, ఖర్చులేని ఆధారం ఇది. 2006లో మొదలైన గూగుల్ ట్రెండ్స్‌లో రెండు రూపాలను పక్కపక్కన పోల్చవచ్చు. అయితే అది చూపే సంఖ్య మనుషుల సంఖ్య కాదు. ఎంచుకున్న కాలంలో అత్యధిక స్థాయిని 100గా తీసుకొని తక్కినవాటిని దానితో పోల్చి చూపుతుంది. 2013 నుంచి ఉన్న కీవర్డ్ ప్లానర్ నెలకు ఎన్ని వెతుకులాటలో చెబుతుంది. ప్రకటనలకు డబ్బు ఖర్చు చేయని ఖాతాలకు మాత్రం 10–100, 100–1000 లాంటి వెడల్పాటి శ్రేణులే ఇస్తుంది. ఈ అంకెలను జనాభా లెక్కల్లా చదవకూడదు, వాన మబ్బును చూసి అంచనా కట్టినట్టు చదవాలి.

జాబితా తయారైన తరువాత ప్రతి మాట వెనుక ఉన్న అవసరాన్ని గుర్తించడం అసలైన పని. ‘ఎమ్మిగనూరు దుప్పట్లు’ అని వెతికేవాడు కొనుగోలుదారు కావచ్చు. ‘మాచాని సోమప్ప’ అని వెతికేవాడు పోటీపరీక్షకు చదివే యువకుడు కావచ్చు, పాఠశాల ఉపాధ్యాయుడు కావచ్చు. ‘ఎమ్మిగనూరు సొసైటీ’ అని వెతికేవాడు పాత సభ్యుని కొడుకు కావచ్చు. ముగ్గురికీ ఒకే పేజీ చాలదు. చరిత్ర వ్యాసానికి రెండో, మూడో పాఠకులు సరైనవారు. మొదటివాడిని పిలిచి సంఘ స్థాపన గురించి చెబితే అతను వచ్చిన దారినే పోతాడు. అతనికి కావలసింది నూలు రకం, కొలతలు, ఎక్కడ దొరుకుతుందన్న సమాచారం.

ఎంచుకున్న మాటలను శీర్షికలో ఒకటి, మొదటి పేరాలో ఒకటి రెండు, తక్కినవి సందర్భాన్ని బట్టి వాక్యాల్లో సహజంగా వాడాలి. ‘సోమప్ప స్థాపించిన ఈ సంఘాన్ని ఊళ్లో సొసైటీ అంటారు, రికార్డుల్లో వై.డబ్ల్యు.సి.ఎస్. అని ఉంటుంది’ అన్న ఒక్క వాక్యం మూడు దారులను కలుపుతుంది, పైగా అది చరిత్రపరంగా పనికివచ్చే సమాచారం. ఒకే పదాన్ని పది సార్లు తిప్పి రాసిన పేజీని చదివేవారూ ఉండరు, యంత్రమూ మెచ్చదు.

ఊరిపేరే కీలక పదమై సరుకును అమ్మిపెట్టడం నేత రంగంలో కొత్త కాదు. మంగళగిరి, వెంకటగిరి, ధర్మవరం అన్న పేర్లు చెబితే చీర కళ్లముందు నిలుస్తుంది. ఈ మూడు పేర్లకూ భౌగోళిక సూచిక అనే చట్టరక్షణ ఉంది. సోలాపూరు చాదర్‌కూ ఉంది. ఒక ఊరి నేతగాళ్ల నైపుణ్యానికి చిరునామాగా మారిన మాటను ఇతరులు వాడుకోకుండా కాపాడటమే ఆ చట్టం చేసేది. ‘హ్యాండ్లూమ్ బెడ్‌షీట్స్’ అన్న మాట కింద ఎమ్మిగనూరు నేతగాడు దేశంలోని నేత కేంద్రాలన్నిటితో, మరమగ్గాల సరుకుతో కూడా పోటీపడాలి. ‘ఎమ్మిగనూరు దుప్పట్లు’ అన్న మాట కింద అతనికి పోటీ చాలా తక్కువ. అయితే ఆ మాట కొనేవాడికి తెలిసి ఉండాలి. తెలియజేసేది ఆ ఊరి గురించి ఇదివరకే ఎవరో రాసిన పేజీలే.

1.6 అంకెలు చెప్పనివి

కీలక పదాల పరిశోధన నేర్చుకున్న కొత్తలో విద్యార్థులు పెద్ద అంకె వెంట పడతారు. ఆదోని విషయంలో ఆ అంకె బహుశా పత్తి ధర దగ్గరకు తీసుకుపోతుంది. యార్డుకు సరుకు తెచ్చే రైతుకు ఆ సమాచారం ప్రాణావసరం, అందులో సందేహం లేదు. కానీ నిన్నటి ధర ఇవాళ పనికిరాదు. రోజూ ఉదయం మార్చవలసిన ఆ పేజీని మార్కెట్ కమిటీ, దినపత్రికలు మీకన్నా బాగా చేస్తాయి. చరిత్ర విద్యార్థి అక్కడ పోటీపడటం తెలివైన పని కాదు. దాని బదులు ‘ఆదోనిలో పత్తి మార్కెట్ ఎలా ఏర్పడింది’ అన్న మాటకు 1871 నాటి రైలు నుంచి మొదలుపెట్టి ఒక నిలకడైన జవాబు రాస్తే, వచ్చేవారు కొద్దిమందే అయినా ఏళ్ల తరబడి వస్తారు.

లెక్కలో సున్నా చూపిన మాటను కొట్టివేయడం రెండో పొరపాటు. తమకు రోజూ వచ్చే వెతుకులాటల్లో సుమారు 15 శాతం అంతకు ముందెన్నడూ రానివని గూగుల్ చాలాకాలంగా చెబుతోంది. చిన్న ఊళ్ల పేర్లు, తెలుగు లిపిలోని మాటలు సాధనాల లెక్కకు అందనంత తక్కువగా ఉండవచ్చు. ఇంతియాజ్‌గఢ్ గురించి తెలుగులో వెతికేవారు లేరన్న అంకెను బట్టి ఆ పేరును వ్యాసంలోంచి తీసేస్తే, రేపు వెతకబోయేవాడికి మనమే తలుపు మూసినట్టు.

మూడోది మరీ ప్రమాదకరం. ఎక్కువమంది వెతికే మాట నిజమని అనుకోవడం. ఆదోనిని సుమారు మూడువేల ఏళ్ల కిందట, బీదరు రాజు భీమసింహుని కాలంలో చంద్రసేనుడు స్థాపించాడనే ఐతిహ్యం ఉంది. బ్రిటిష్ కాలపు గెజిటీర్ దీన్ని సంప్రదాయం అని చెప్పి నమోదు చేసింది. ఇటువంటి వాక్యాన్ని ఒక పేజీ నుంచి మరో పేజీకి ఎత్తి రాసేటప్పుడు మొదట రాలిపోయేది ‘సంప్రదాయం’ అన్న ఆ ఒక్క మాటే. పది పేజీల్లో ఉన్నంత మాత్రాన అది పది ఆధారాలు కాదు, ఒకే ఆధారానికి పది నకళ్లు. ‘రెండో ముంబయి’ కూడా అంతే. పాఠకుడు ఆ మాటతో వస్తాడు కాబట్టి దాన్ని శీర్షికలో పెట్టడంలో తప్పులేదు. లోపల మాత్రం అది వ్యాపార వైభవాన్ని చెప్పే ముద్దుపేరు అని స్పష్టం చేసి, రైలు, మిల్లులు, నల్లరేగడి గురించి ఆధారాలతో రాయాలి. పాఠకుడి మాటను గౌరవించడం అంటే ఆ మాటలోని అతిశయాన్ని కూడా ఆమోదించడం కాదు.

పేజీ ప్రచురించిన కొన్ని నెలలకు మరొక ఆధారం చేతికి వస్తుంది. గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో, మీ పేజీ ఏ ఏ మాటలకు కనిపించిందో, ఎంతమంది తెరిచారో జాబితా ఉంటుంది. మరీ అరుదైన వెతుకులాటలను గోప్యత కోసం అందులో చూపరు. ఈ జాబితాను చరిత్ర విద్యార్థి పాఠకుల ఉత్తరాల కట్టలా చదవాలి. కోట మీద రాసిన పేజీకి ‘ఆదోని ఏ జిల్లా 1950’ అన్న వెతుకులాట వచ్చిందంటే, ఎవరో ఒకరు పాత కాగితం చేతిలో పట్టుకొని కూర్చున్నారని ఊహించవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు మీ పేజీలో లేకపోతే బళ్లారి, ఆదోని తాలూకా, 1953 అక్టోబరు 1 అన్న మూడు మాటలతో ఒక పేరా చేర్చండి.

క్షేత్రకృత్యం

మీ ఊరికి గానీ, పక్క ఊరికి గానీ సంబంధించిన ఒక కట్టడం, ఒక వృత్తి, ఒక వ్యక్తి పేరు ఎంచుకోండి. వేర్వేరు వయసుల, వృత్తుల వారు పదిమందిని అడిగి వారు ఏ మాటతో వెతుకుతారో వారి నోటిమాటలోనే రాసుకోండి, మీరు దిద్దవద్దు. అదే విషయం 1953కు ముందరి రికార్డులో, ప్రస్తుత రికార్డులో ఏ పేరుతో, ఏ జిల్లా కింద ఉంటుందో కనుక్కోండి. ఆ మాటలన్నీ సహజంగా ఇమిడేలా 300 పదాల పరిచయ వ్యాసం రాసి, అధ్యయన కేంద్రంలో మీ కౌన్సెలర్‌కు చూపండి.